బండి క్రింది తడి

(డెలానీపూర్‌లో తపాలా ఉద్యోగుల శిక్షణ తరగతి యందు చేసిన ప్రసంగ పాఠము)



వేతన సవరణ గురించియు, పింఛను గురించియు, ఖాళీల భర్తీ గురించియు మాట్లాడుట మాకు అలవాటు. పికప్ బండి క్రింద కారుచున్న ద్రవమును గురించి ఒక గంటసేపు మాట్లాడుమని ఈ శాఖ వారు ఉత్తరము వ్రాసినపుడు మేము మొదట నవ్వుకొన్నాము. ఇది మెకానిక్కు చెప్పవలసిన సంగతి గదా, యూనియన్ వారికి దీనితో ఏమి పని అనుకొన్నాము. ఉత్తరమును రెండవసారి చదువుచుండగా పాత విచారణ ఒకటి జ్ఞాపకము వచ్చి ఆ నవ్వు ఆగిపోయినది. ఆ సంగతితోనే ప్రారంభించెదము.

చాల సంవత్సరముల క్రిందటి మాట. ప్రధాన భూభాగమున ఒక కొండ ప్రాంతపు పట్టణము. అచ్చటి తపాలా డ్రైవరు వానాకాలమున ఒక ఉదయము బండి ఎడమ వెనుక చక్రము లోపలి వైపున, టైరు మీద ఒక తడి చారను చూచినాడు. ఇన్‌ఛార్జితో నోటిమాటగా చెప్పినాడు: "సార్, వెనక చక్రం దగ్గర ఏదో కారుతున్నట్టుంది." వచ్చిన సమాధానము: "వానాకాలం బండి కారక ఏం చేస్తుంది? టపా ఆలస్యమవుతుంది, ముందు బయలుదేరు." మరునాడును అంతే. మూడవ నాడు దిగుడు రోడ్డు మీద పెడల్ దాదాపు నేలకు అంటినది. ముందు చక్రములు మాత్రమే కొంత పట్టుకొన్నవి. సంచుల బరువుతోనున్న బండి తడి రోడ్డు మీద ఆగలేదు. లోయలో పడుటకంటె మట్టి గట్టు మేలని ఆతడు గట్టుకు కొట్టినాడు. ప్రాణములు దక్కినవి. ప్రక్కన కూర్చున్న మెయిల్ గార్డుకు మాత్రము భుజపు ఎముక విరిగినది.

రూలు 14 క్రింద అభియోగ పత్రము వచ్చినది. మేము డిఫెన్స్ అసిస్టెంటుగా కూర్చున్నాము. విచారణాధికారి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మూడు రోజులు చూసి ఎందుకు ఊరుకున్నావు?" "చెప్పాను సార్" అని ఆతడన్నాడు. ఎవరితో చెప్పినావు, ఎప్పుడు చెప్పినావు, వ్రాత ఏది? లాగ్ బుక్కు తెరచి చూచినాము. ఆ మూడు దినములకును బండి సరిగానున్నదని చెప్పు గడిలో ఆతని సంతకమే ఉన్నది! ప్రతి దినము అలవాటుగా పెట్టుచు వచ్చిన సంతకము అది. చక్రపు సిలిండరు లోపలి రబ్బరు కప్పు చినిగి ఉన్నట్లు ప్రమాదము తరువాత మరమ్మతు నివేదిక చెప్పినది. కాని దానివలన ఆతని వాదము బలపడుటకు బదులు, కారుట నిజమే అయినపుడు ఎందుకు సంతకము పెట్టినావను ప్రశ్నయే బలపడినది. రెండు సంవత్సరముల ఇంక్రిమెంటు పోయినది. ఇన్‌ఛార్జి పేరు ఆ కాగితములలో ఎచ్చటను రాలేదు.

ఇందు మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. సమ్మె నోటీసు ఎట్లు వ్రాయవలెనో, ఓవర్‌టైమ్ బిల్లు ఎట్లు పెట్టవలెనో ఆ డ్రైవరుకు మేమే నేర్పినాము. చక్రము దగ్గరి తడిని ఎట్లు చూడవలెనో, చూచినదానిని ఎట్లు వ్రాయవలెనో మేము ఎన్నడును చెప్పలేదు.

ఇక విషయమునకు వచ్చెదము. ఈ పాఠము మన పత్రికలో అచ్చగునని తెలియును గనుక, ఈ దీవులలో లేని రైల్వే సోదరులను కూడ ఎదుట కూర్చుండబెట్టుకొని మాట్లాడుచున్నాము. వారు ఈ సంగతి విన్నపుడు మొదట అడుగు ప్రశ్న ఇది: కారినచో బండి ఆగిపోవలెను గదా, ఆగకుండుట ఏమి? వారి అనుభవము అట్టిది. రైలు పెట్టెల క్రింద పోవు బ్రేకు గొట్టములో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉండును. ఆ గాలి ఉన్నంతవరకు బ్రేకులు వదలి ఉండును. గాలి పోయినచో బ్రేకులు పట్టుకొనును. ప్రయాణికుడు ఆపద గొలుసు లాగినపుడు జరుగునది కూడ అదియే. ఆతడు ఆ గొట్టములోని గాలికి ఒక కన్నము తెరచుచున్నాడు. పాత వాక్యూమ్ బ్రేకునకును సూత్రము ఇదియే. రైలులో లీకు అనగా రైలు కదలకపోవుట, ఆలస్యము, కంట్రోలు నుండి చీవాట్లు.

మొదటినుండి ఇట్లు లేదు. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ పేటెంటు పొందిన మొదటి గాలి బ్రేకులో గొట్టము పగిలినచో రైలుకు బ్రేకే ఉండెడిది కాదు. 1872లో ఆయనయే దానిని తలక్రిందులు చేసినాడు. గాలి పోయినచో బ్రేకు పడునట్లు కొత్త కవాటమును అమర్చినాడు. రైల్వే కార్మికుడు ఈనాడు అనుభవించుచున్న రక్షణ ఆ మార్పు నుండి వచ్చినది.

మన పికప్ బండి ఈ విషయమున ఇంకను 1869లోనే ఉన్నది. పెడల్‌ను త్రొక్కినపుడు మాస్టర్ సిలిండరులోని ద్రవము సన్నని ఇనుప గొట్టముల గుండా నాలుగు చక్రములకు ఒత్తిడిని మోసికొని పోవును. ద్రవము కారిపోయినచో ఒత్తిడి లేదు. ఒత్తిడి లేనిచో బ్రేకు లేదు. అందుచేత గొట్టములను రెండు భాగములుగా విడదీసినారు. ఒక భాగము పోయినను రెండవది మిగులును. సాధారణముగ పికప్‌లలో ముందు చక్రములకు ఒకటి, వెనుక చక్రములకు ఒకటి. ఇది మంచి ఏర్పాటే. కాని దీనివలన ఒక మోసము కూడ కలదు. వెనుక భాగమున ద్రవము సన్నగా కారుచున్నను, ఖాళీ బండి సమతల రోడ్డు మీద బాగుగనే ఆగుచుండును. "బ్రేకు పడుతోంది గదా" అని డ్రైవరు అనుకొనును. బండి నిండా సంచులు వేసి, ఎత్తు నుండి దిగు నాడు గాని లోపము బయటపడదు.

డెలానీపూర్‌లో ఉన్న మీకు ఎత్తు పల్లముల సంగతి మేము చెప్పవలసిన పని లేదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన ఈ పోర్ట్ బ్లెయిర్ నగరములో నాలుగు అడుగులు సమతలముగా నడచు వీధి వెదకినను దొరకుట కష్టము. రైలు లేని ఈ దీవులకు టపా విమానములోనో ఓడలోనో వచ్చును; హాడో రేవు నుండి, విమానాశ్రయము నుండి దానిని ఊరిలోనికి మోయునది చక్రముల బండియే. ఊరు దాటి ఉత్తరమునకు పోవు బండి జిర్కాటాంగ్ వద్ద వరుసలో నిలబడి, జారవాల రిజర్వు అడవి గుండా మిడిల్ స్ట్రెయిట్ వరకు కాపలాతో పోవలెను. ఆ అడవిలో బండి ఆపరాదు, దిగరాదు. అనుమానము వచ్చినను ప్రక్కకు నిలిపి క్రిందికి వంగి చూచు వీలు లేదు. చూడవలసినదంతయు బయలుదేరక పూర్వమే చూడవలెను.

చూచుట ఎట్లు? ఇందుకు యంత్రములు అక్కరలేదు. ఒక పెద్ద అట్టపెట్టెను విప్పి రాత్రి బండి క్రింద పరచుడు. అట్ట లేనిచో పాత వార్తాపత్రికలు చాలును. ముందు చక్రములు ఎచ్చటనున్నవో అట్ట మీద గీత గీయుడు. ఉదయము బండిని వెనుకకు నడిపి అట్టను చూడుడు. ఎచ్చట పడినది, ఏ రంగు, ఏ వాసన, ముట్టినచో ఎట్లున్నది అను నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. రుచి చూచు అలవాటు కొందరు పాత మెకానిక్కులకు ఉన్నది. ఆ పని ఎంతమాత్రము చేయవలదు. కూలెంటును, బ్రేకు ద్రవమును విషములు.

నిర్మలమైన నీరు, వాసన లేనిది, డ్యాష్‌బోర్డు క్రింది భాగమున పడినచో అది ఏసీ నీరు. దానిని వదలివేయుడు. ఏసీ లేని బండి క్రింద ఆ మాట చెప్పినవానిని మాత్రము వదలివేయవలదు. ముందు భాగమున రేడియేటరు క్రింద ఆకుపచ్చగనో, ఎర్రగనో, గులాబి రంగుగనో, కొద్దిగ తియ్యని వాసనతో పడినది కూలెంటు. హోస్ పైపుల క్లిప్పులు, నీటి పంపు, రేడియేటరు అడుగు వరుసగా చూడవలెను. వేడిమీద రేడియేటరు మూత విప్పినవాని ముఖము ఎట్లగునో మేము కన్నులార చూచినాము. బండి పూర్తిగా చల్లారవలెను.

ఇంజను క్రింద నల్లగా, జిగటగా పడినది ఇంజను ఆయిల్. డీజిలు బండిలో కొత్త ఆయిల్ కూడ కొద్దికాలములోనే నల్లబడును గనుక నలుపును చూచి బెదరవలదు. ఛాంబరు ప్యాకింగు, డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు చూడుడు. బండి నడుమ గాని వెనుక హౌసింగు క్రింద గాని చిక్కగా, గంధకము కాలినట్టి చెడు వాసనతో ఉన్నది గేరు ఆయిల్. ఇది చిన్న విషయమని వదలరాదు. వెనుక యాక్సిలు చివర సీలు పోయినచో ఆ ఆయిల్ డ్రమ్ములోనికి పోయి బ్రేకు లైనర్లను నానబెట్టును. అప్పుడు బ్రేకు ద్రవము పూర్తిగా ఉన్నను ఆ చక్రము పట్టదు. ముందు భాగమున స్టీరింగు వైపు ఎర్రగా పడినది పవర్ స్టీరింగు ద్రవము కావచ్చును.

డీజిలును ముక్కే కనిపెట్టును. దాని విషయమున ఒక్క హెచ్చరిక చేయుచున్నాము. ఈనాటి డీజిలు ఇంజనులలో ఇంజెక్టరు గొట్టముల ఒత్తిడి కొన్ని వందల రెట్లు, వేయి రెట్లకు పైగా కూడ ఉండును. సన్నని చీలిక నుండి వచ్చు ఆ ధార కంటికి కనబడకుండ చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్లు పోయిన చేతిని ఒక్కొక్కసారి తీసివేయవలసి వచ్చును. ఇంజను నడుచుచుండగా చేతితో తడిమి చూడరాదు. అట్ట ముక్కను అడ్డముపెట్టి చూడవలెను.

ఇక బ్రేకు ద్రవము. మనము దీనిని "బ్రేకు ఆయిల్" అని పిలుచుచున్నాము. ఈ పేరే సగము ప్రమాదమునకు మూలమని మా అభిప్రాయము. సాధారణముగ మన బండ్లలో పోయునది నూనె కాదు; గ్లైకాల్ జాతికి చెందిన ద్రవము. నూనె నీటి మీద తేలును, ఇంద్రధనుస్సు రంగులు చూపును, నేల మీద మరక విడుచును. ఈ ద్రవము నీటిలో కలసిపోవును. ఎండాకాలమున అట్ట మీద పడినచో లేత పసుపుగా, పాతదైనచో గోధుమ రంగుగా, పలుచగా, జారుడుగా కనబడును. రంగు వేసిన రేకు మీద పడినచో ఆ రంగును ఉబ్బించి లేపును. వానాకాలమున, తడి నేల మీద, అది జాడ లేకుండ కడిగివేయబడును.

ఈ మాటను కొంచెము ఆగి ఆలోచించుడు. రెండు ఋతుపవనములును తడుపు ఈ దీవులలో సంవత్సరములో ఎక్కువ నెలలు నేల తడిగనే ఉండును. ఇంజను ఆయిల్ ఒక చుక్క పడినను గుంటలోని నీటి మీద రంగులు ప్రాకి, దారిన పోవు పిల్లవాడు కూడ "అంకుల్, ఆయిల్ కారుతోంది" అని చెప్పును. మనుష్యుల ప్రాణములు తీయగల ద్రవము మాత్రము ఏమియు చెప్పక నీటిలో కలసిపోవును. విచారణలో మేము చూచిన ఆ డ్రైవరు తడి చారను గుర్తించుట అందుచేతనే గొప్ప విషయము. ఇన్‌ఛార్జి "వాన నీరు" అనుట కూడ అందుచేతనే సులభమైనది.

కాబట్టి వానలో నేలను నమ్మరాదు. మూడు చోట్ల చూడవలెను. మొదటిది బానెట్టు క్రింద బ్రేకు ద్రవపు డబ్బా. దాని మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉండును. లైనర్లు, ప్యాడ్లు అరుగుచున్న కొలది మట్టము మెల్లగా దిగుట సహజము. నెలల మీద దిగునది అరుగుదల, వారములో దిగునది లీకు. పోయి నింపి ఊరకుండుట కంటె పెద్ద తప్పు లేదు. నిన్న ఎంత ఉన్నదో తెలియవలెనన్నచో డబ్బా మీద ఒక గీత గీసి తేదీ వేయుడు. రెండవది చక్రముల లోపలి వైపు. టైరు లోపలి గోడ మీద, డ్రమ్ము వెనుక పలక అడుగున చారలు ఉన్నవేమో టార్చి వేసి చూడుడు. మూడవది డ్రైవరు కాళ్ళ వద్ద, పెడల్ పైని గోడ. మాస్టర్ సిలిండరు సీలు పోయినచో అచ్చట తడి దిగును. క్లచ్చి కూడ ద్రవముతో పనిచేయు బండ్లలో ఆ తడి క్లచ్చిది కూడ కావచ్చును. ద్రవము ఒకటే జాతిది.

సముద్రపు గాలి చేయు పని కూడ మీకు తెలిసినదే. ఇంటి కిటికీ ఊచలు ఎట్లు తినివేయబడునో బండి అడుగున పోవు బ్రేకు గొట్టములును అట్లే తినివేయబడును. గొట్టమును ఛాసిస్‌కు పట్టించు క్లిప్పుల క్రింద ఉప్పు, తేమ చేరి నిలుచును. పైకి గొట్టము బాగుండును. క్లిప్పు విప్పినచో క్రింద పెచ్చులు లేచి ఉండును. క్లిప్పుల దగ్గర చూడక "గొట్టములు సరి" అని వ్రాసిన తనిఖీ తనిఖీయే కాదు.

కారుచున్న చోటు, కనబడుచున్న చోటు ఒకటే కాకపోవుట కూడ సాధారణము. బండి పరుగెత్తునపుడు గాలికి ద్రవము వెనుకకు, క్రిందికి ప్రాకును. ఛాసిస్ పట్టెల మీదుగా మూడు అడుగులు ప్రయాణము చేసి చివరకు ఒక బోల్టు మొన నుండి చుక్కగా జారును. అనుభవము లేనివాడు ఆ బోల్టును బిగించి ఇంటికి పోవును. తడి ఉన్న చోట్లలో అన్నిటికంటె ఎత్తుగా, అన్నిటికంటె ముందుగా ఉన్నది ఏదో వెదకవలెను. తెలియకున్నచో అడుగు భాగమును శుభ్రముగా కడిగి, ఆరబెట్టి, కొద్ది దూరము నడిపి వెంటనే చూడవలెను. అనుమానమున్న చోట ముఖమునకు వేసికొను పౌడరు చల్లినచో తడి ప్రాకిన దారి గీతవలె కనబడును. క్రిందికి దూరవలసి వచ్చినచో, కేవలము జాకీ మీద నిలిపిన బండి క్రిందికి ఎవ్వరును దూరరాదు. చక్రములకు దిమ్మెలు వేసి, ఛాసిస్ క్రింద గట్టి స్టాండ్లు పెట్టవలెను.

జాడ లేని లీకు కూడ ఒకటి కలదు. మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు అరిగినచో ద్రవము బయటకు రాక లోలోపలనే వెనుకకు జారును. అట్ట మీద చుక్క ఉండదు, డబ్బాలో మట్టము తగ్గదు. దీనికి కాలే పరీక్ష. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు త్రొక్కుడు. పెడల్ గట్టిపడును. అప్పుడు గట్టిగా త్రొక్కి, అరనిముషము పట్టి ఉంచుడు. పెడల్ నిలిచి ఉండవలెను. మెల్లమెల్లగా దిగిపోవుచున్నచో లోపలనో బయటనో ద్రవము తప్పుకొనుచున్నది. కాలు తీయకుండనే ఇంజను స్టార్టు చేయుడు. ఇప్పుడు పెడల్ కొద్దిగా దిగవలెను. అది బ్రేకు సర్వో పనిచేయుచున్నదనుటకు గుర్తు. పెడల్ మెత్తగా, స్పాంజివలె ఉన్నచో గొట్టములలో గాలి చేరినది. ఇదంతయు ఒక్క నిముషము పని.

పాత ద్రవము గురించి కూడ చెప్పవలెను. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకము కొత్తగా ఉన్నపుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదని ప్రమాణము. తేమ పీల్చిన తరువాత ఆ కనీసము 155 డిగ్రీలే. దీర్ఘమైన దిగుడులో బ్రేకులు వేడెక్కినపుడు తేమ చేరిన ద్రవము మరగి ఆవిరి అగును. ఆవిరి నొక్కుకుపోవును గనుక పెడల్ నేలకు పోవును. ఒక చుక్క కూడ కారకుండనే బ్రేకు పోయినదన్నమాట! బండి చల్లారిన తరువాత పరీక్షించువానికి అంతయు సరిగానే కనబడును. తప్పు డ్రైవరు మీదికి పోవును. రెండు సంవత్సరములకొకసారి ద్రవమును మార్చుట చాల కంపెనీలు చెప్పు మాట. ఇట్టి తేమ గల చోట ఆ గడువును దాటనీయరాదు.

ఇంతవరకు చూచుట. ఇక వ్రాయుట.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షనును ప్రతి డ్రైవరును, ప్రతి అధికారియు చదువవలెను. ప్రమాదకరమైన లోపము గల బండిని నడిపినవాడు శిక్షార్హుడు. ఆ లోపము తెలిసి ఉండుట మాత్రమే కాదు, సాధారణ జాగ్రత్త వహించినచో తెలిసి ఉండెడి లోపమైనను చాలును. డ్రైవరుకు వ్యతిరేకముగా ఈ వాక్యమును చదువుట అందరికిని తెలియును. అదే సెక్షనులో నడిపినవానితో పాటు నడిపించినవాడును, నడుపుటకు అనుమతించినవాడును ఉన్నారని చదువువారు తక్కువ. మన డ్రైవరు నోటిమాటగా చెప్పినపుడు ఇన్‌ఛార్జికి లోపము తెలియనట్లే మిగిలినది. రెండు పంక్తులు వ్రాసి, తేదీ, సమయము వేసి, ప్రతి మీద అందినట్లు సంతకము తీసికొని ఉండినచో, "ముందు బయలుదేరు" అనిన మాట ఆ సెక్షను క్రిందికి వచ్చెడిది. ఆ మాట బహుశః నోట వచ్చెడిది కూడ కాదు.

రైల్వే సోదరులకు ఇది కొత్త కాదు. రైలు బయలుదేరుటకు ముందు బ్రేకు పవర్ సర్టిఫికెట్ ఉన్నది. క్యారేజి, వ్యాగను సిబ్బంది పరీక్షించి వ్రాయుదురు. రైలు నడుపువారును, గార్డును దానిమీద సంతకము చేసి తీసికొందురు. పరీక్షించినవాడు ఒకడు, నడుపువాడు ఒకడు. ఇరువురి చేతను కాగితము ఉన్నది. లీకు అయినచో తానే ఆగిపోవు బండికి ఇన్ని సంతకములు. లీకు అయినచో ఆగని మన బండికి, అలవాటుగా నింపు ఒక్క గడి, ఒక్క డ్రైవరు సంతకము.

మేము కోరునది పెద్ద ఖర్చు గల పని కాదు. బండి తీయుటకు ముందు పదునైదు నిముషములు తనిఖీకి ఇవ్వవలెను; ఆ నిముషములు పని గంటలలోనివి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము బండిని తీసికొనుట, బాగుచేయుట వంటి ఉపపనులను పని గంటలలో లెక్కించినది. ఆ చట్టమును 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడులో కలిపివేసినారు; చట్టము పేరు మారినంత మాత్రమున బండి క్రింద వంగిన నిముషము విశ్రాంతి కాజాలదు. లోపముల పుస్తకము కార్బను ప్రతులతో ఉండవలెను. ఒక ప్రతి డ్రైవరు వద్ద నిలువవలెను. బ్రేకు లోపము వ్రాసిన బండిని తిరిగి రోడ్డు మీదికి పంపువారు, ఏమి బాగుచేసినారో వ్రాసి సంతకము చేయవలెను. విడి భాగములు చెన్నై నుండియో, విశాఖపట్టణము నుండియో, కోల్‌కతా నుండియో ఓడ మీద రావలసిన చోట, ఒక వీల్ సిలిండరు కిట్టు కొరకు వారముల తరబడి ఎదురుచూచుట కంటె, ముందుగనే నాలుగు కిట్లు, రెండు హోస్ పైపులు అల్మారాలో పెట్టుకొనుట చవుక.

పుస్తకము ఇచ్చువరకు ఊరకుండుడని కాదు. తెల్ల కాగితము చాలును. "ఈ దినము ఉదయము 6 గంటలకు ఎడమ వెనుక చక్రము లోపలి వైపున తడి కనుగొనబడినది. డబ్బాలో మట్టము నిన్నటి గీతకు క్రిందనున్నది. ఇంజను ఆపి చేసిన పరీక్షలో పెడల్ దిగిపోవుచున్నది. పరీక్షించి, నడుపుటకు యోగ్యమో కాదో వ్రాతపూర్వకముగ తెలుపగోరుచున్నాను." ఇంతియే. "బండి బాగులేదు" అని వ్రాయవలదు. ఆ మాటకు ఎవరైనను "బాగానే ఉంది" అని బదులు చెప్పగలరు. ఎచ్చట, ఎప్పుడు, ఎంత అని వ్రాసినదానికి అట్లు బదులు చెప్పుట కష్టము. బ్రేకు విషయమున సమాధానము వచ్చువరకు తాళపుచెవి బల్లమీదనే ఉండవలెను. ఇట్లు చేసిన సోదరునికి మన శాఖ ఆ దినమే అండగా నిలువవలెను; మరునాడు కాదు.

ఇంకొక మాట చెప్పుటకు కొంచెము సంకోచముగ ఉన్నది, అయినను చెప్పెదము. టపా మోయు పనిలో అద్దె బండ్లు, కాంట్రాక్టు డ్రైవర్లు పెరిగినారు. వారి బండి క్రింద తడి కనబడినపుడు "అది కాంట్రాక్టరు బండి" అని ప్రక్కకు తిరుగు మనవారిని మేము చూచినాము. బండి ఆగినచో ఆ డ్రైవరుకు ఆ దినపు కూలి పోవును. మరునాడు పని ఉండునో లేదో తెలియదు. వ్రాయుమని ఆతనికి చెప్పుట సులభము, వ్రాయుట ఆతనికి సులభము కాదు. అట్టి చోట సంచులు ఎక్కించు మన ఉద్యోగి వ్రాయవలెను. సంచులు మనవి, ప్రక్కన కూర్చుండి పోవువాడు మనవాడు. తడిని చూచినవాడు ఎవడైనను వ్రాయవచ్చును. లైసెన్సు ఉన్నవాడే వ్రాయవలెనను నియమము లేదు. సభ్యత్వ రశీదు లేనివాని కొరకు మనము ఎందుకు పోట్లాడవలెనను ప్రశ్న ఈ గదిలోనే ఒకరిద్దరి మనసులలో ఉండవచ్చును. భోజన విరామమున వారితో విడిగా మాట్లాడుటకు మేము సిద్ధముగ ఉన్నాము.

వాన కొంత తెరపి ఇచ్చినట్లున్నది. నిన్న రాత్రి ఈ శాఖ సోదరులు షెడ్డులోని పికప్ క్రింద మా కోరిక మీద అట్ట పరచినారు. మేము ఇంకను దానిని చూడలేదు. టార్చి ఉన్నవారు తెచ్చుకొనుడు. లుంగీలో ఉన్నవారు ముందు వరుసకు రండు, క్రిందికి వంగుట వారికి సులభము. లాగ్ బుక్కును కూడ ఎవరైనను పట్టుకొని రండు.